ఆరు సిలిండర్ల పాత 325ఐకి కొత్త సైలెన్సర్ లైను: కర్నూలు ప్రాజెక్టు డైరీ

కారు 2008 బీఎండబ్ల్యూ 325ఐ, ఆటోమేటిక్. ఇంజిన్ ఎన్52: ఒకే వరుసలో ఆరు సిలిండర్లు, 2,497 సీసీ, కొత్తలో 218 హెచ్‌పీ, 250 న్యూటన్ మీటర్లు. రీడింగ్ 1,18,400 కి.మీ. వెనక సైలెన్సర్ డబ్బా అడుగు తుప్పు పట్టి రెండు చోట్ల చిల్లు పడింది. అతుకులు వేసినా చుట్టూ రేకు పలచబడిపోయింది కాబట్టి నిలవవు.

పని ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్నది ముందే గీత గీసుకోవాలి. ఈ ఇంజిన్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్లు (క్యాట్‌లు, పొగలో విషవాయువులను తగ్గించేవి) మానిఫోల్డుల్లోనే, అంటే సిలిండర్ల పొగను ఒకచోట చేర్చే గొట్టాల్లోనే ఉంటాయి. ముందు మూడు సిలిండర్లకు ఒకటి, వెనక మూడింటికి ఒకటి. వాటిని ముట్టుకోలేదు. తీసేస్తే ఇంజిన్ కంప్యూటర్‌లో పీ0420, పీ0430 అనే లోపం కోడ్లు వస్తాయి, పొల్యూషన్ చెకింగ్‌లో పోతుంది, డిక్కీ దగ్గర పచ్చి పెట్రోలు వాసన నిలిచిపోతుంది. మారేది మానిఫోల్డ్ ఫ్లాంజిల (నట్లతో బిగించే అంచుల) నుంచి వెనక్కి మాత్రమే.

చట్టం సంగతి కూడా ఇక్కడే. మోటారు వాహనాల చట్టం 190(2) కింద శబ్దం, పొగ పరిమితి దాటితే మొదటిసారికే ₹10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు పడవచ్చు. లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది. పైగా 15 ఏళ్ళు దాటిన కారుకు ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్, దానికి తనిఖీ ఉంటాయి. అందుకే పెట్టుకున్న హద్దు: బయట శబ్దం పాతదానికంటే 5 డెసిబెల్స్‌కు మించి పెరగకూడదు, లోపల 100 కి.మీ. వేగంలో తలనొప్పి తెచ్చే హోరు ఉండకూడదు. షెడ్డులో నిలబెట్టి రేజ్ చేస్తే ఎంత బాగా మోగుతుందో చూసి సైలెన్సర్ ఎంచుకున్నవాళ్ళు హైవే ఎక్కాక విప్పేస్తారు. ఈ పనిలో ఎంపికంతా ఆ 100 కి.మీ. వేగం చుట్టూనే తిరిగింది.

దశ 1: విప్పకముందు కొలతలు

పాతది విప్పాక దాన్ని కొలవలేరు. ఈ నాలుగూ ముందే రాసి పెట్టుకోవాలి.

1. బయట శబ్దం: చివరి గొట్టానికి అర మీటరు దూరం, 45 డిగ్రీల కోణం, గొట్టం ఎత్తులోనే మీటరు. ఇంజిన్ 3,750 ఆర్పీఎం దగ్గర నిలకడగా. పాతది: 83 డెసిబెల్స్ (ఏ స్కేలు, అంటే మనిషి చెవి వినే తీరుకు సర్దిన కొలత).
2. లోపలి శబ్దం: డ్రైవర్ చెవి ఎత్తులో, అద్దాలు ఎత్తి, ఏసీ ఆపి, ఆరో గేరులో 100 కి.మీ. వేగం. కర్నూలు–డోన్ మధ్య 44వ నంబరు హైవే మీద ఒకే ముక్క, రెండు వైపులా తోలి సగటు తీసింది. పాతది: 66.
3. అదే వేగంలో ఇంజిన్ 2,150 ఆర్పీఎం. ఆరు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్‌లో చుట్టుకు మూడు పేలుళ్ళు. 2,150ని 60తో భాగించి 3తో గుణిస్తే 107 హెర్ట్జ్. హోరు వచ్చేది ఇక్కడే. ఏ స్కేలు ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర సుమారు 18 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. కాబట్టి దాన్ని నమ్మకుండా ఫోన్‌లో స్పెక్ట్రమ్ యాప్ పెట్టి, ఆ సర్దుబాటు (వెయిటింగ్) ఆపేసి, 107 దగ్గరి శిఖరాన్ని విడిగా రాయాలి. పాతదాని శిఖరాన్ని సున్నా అనుకుని మిగతావి తేడాలుగా రాశాం.
4. వెనక ఒత్తిడి (పొగ బయటికి పోతుంటే లైనులో ఎదురయ్యే ఒత్తిడి): క్యాట్ వెనక ఆక్సిజన్ సెన్సర్ విప్పి, ఆ ఎం18×1.5 చిల్లులో అడాప్టర్, దానికి మీటరు పొడవు రాగి గొట్టం, చివర గేజి. రాగి గొట్టం లేకపోతే వేడికి గేజి పాడవుతుంది. రెండో గేరు, పూర్తి యాక్సిలరేటర్, 6,000 ఆర్పీఎం దగ్గర 27 కిలో పాస్కల్స్. సెన్సర్ బయట ఉన్నందుకు కోడ్ పడుతుంది, తర్వాత చెరిపేయాలి.

వేడి కొలిచేటప్పుడు ఒక మోసం ఉంది. మెరిసే స్టీల్ మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ చాలా తక్కువ చూపిస్తుంది. ఒకే చోట మెరుపు మీద 90 డిగ్రీలు, వేడికి తట్టుకునే నల్ల రంగు చుక్క పెట్టి చూస్తే 240. పైపు మీద ఐదారు చోట్ల నల్ల చుక్కలు పెట్టుకున్నాకే ఏ అంకెనైనా లెక్కలోకి తీసుకోవాలి.

ఖర్చు: శబ్దం మీటరు 3,200, అడాప్టర్, గేజి, రాగి గొట్టం 900. ఇప్పటిదాకా ₹4,100.

దశ 2: ఏ పైపు, ఎంత సైజు

మూడు దారులు చూశాం. దిగుమతి చేసుకునే రెడీమేడ్ సెట్టు: కారుకు సరిగ్గా కూర్చుంటుంది, కానీ సుంకంతో కలిపి ధర ఈ కారు విలువకు నప్పదు. వాడిన ఒరిజినల్: అది కూడా పదిహేనేళ్ళదే, లోపలి తుప్పు కనబడదు. మూడోది ఇక్కడే కట్టించుకోవడం. దానికే మొగ్గాం.

పైపు: ఎస్‌ఎస్ 304, 1.5 మి.మీ. మందం. 202 రకం మెరుపులో తేడా తెలియదు, తుప్పు విషయంలో తేలిపోతుంది. అయస్కాంతం పెట్టి చూసినా రెండూ అంటుకోవు, కాబట్టి పరీక్ష కాగితం ఉన్న అంగట్లోనే కొనాలి. 1.2 మందం తీసుకుంటే బరువు తగ్గుతుంది కానీ మోత సన్నగా, రేకు డబ్బా కొట్టినట్టు ఉంటుంది.

సైజు లెక్క లోపలి వైశాల్యంతో చూడాలి:

50.8 మి.మీ. పైపులు రెండు: 3,589 చదరపు మి.మీ., మీటరుకు 3.68 కిలోలు
63.5 మి.మీ. ఒక్కటి: 2,875 చదరపు మి.మీ., మీటరుకు 2.32 కిలోలు
76.2 మి.మీ. ఒక్కటి: 4,208 చదరపు మి.మీ.

218 హెచ్‌పీకి 76.2 అనవసరం, హోరు పెరుగుతుంది, కింద ఖాళీ తగ్గుతుంది. ఫ్యాక్టరీ వాళ్ళు రెండు పైపులు వేశారు కదా అని మేము కూడా 50.8 రెండు ఎంచాం. ఇది తప్పు ఎంపిక. ఎందుకో దశ 4లో.

వంపులు మాండ్రెల్ బెండ్లే (లోపల ఆధారం పెట్టి, నొక్కుకుపోకుండా వంచినవి) కావాలి. కర్నూల్లో ప్రెస్సు మీద వంచిన నమూనా ఒకటి వర్నియర్‌తో కొలిస్తే 50.8 పైపు వంపు దగ్గర 40కి నొక్కుకుపోయింది, లోపలి వైపు ముడతలు. రెడీమేడ్ 45, 90 డిగ్రీల ముక్కలు సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి పార్సిల్ తెప్పించి, వెల్డింగ్ మాత్రం ఇక్కడ చేయించడం మేలు.

దశ 3: విప్పడం

1. ముందురోజు రాత్రే ఫ్లాంజి నట్లకు తుప్పు వదిలించే నూనె కొట్టాలి, పొద్దున మళ్ళీ.
2. డిక్కీలో బ్యాటరీ నెగటివ్ తీయాలి. కారు మీద వెల్డింగ్ టాక్ (తాత్కాలికంగా పట్టి ఉంచే చుక్క అతుకు) పెట్టేటప్పుడు కూడా ఇది తీసే ఉండాలి.
3. వెనక డబ్బా మీద ఫ్లాప్‌కు (పొగ దారిని మూసి తెరిచే రేకుకు) వచ్చే సన్నటి వాక్యూమ్ గొట్టం పీకి, వెంటనే రబ్బరు మూత బిగించాలి. తెరిచి వదిలితే వాక్యూమ్ లీకవుతుంది. దాని సోలినాయిడ్ (వాక్యూమ్‌ను నడిపే కరెంటు వాల్వు) కనెక్టర్ పీకొద్దు. పీకితే కోడ్ పడుతుంది.
4. జాకీ మీద పలక పెట్టి డబ్బాను ఆనించాకే హ్యాంగర్ రబ్బర్లు తీయాలి. లైనంతా ఒకే ముక్క, తూకం వేస్తే 31.4 కిలోలు. ఒక్కరు మోసేది కాదు.

నట్టు కదలకపోతే బలం పెట్టకుండా వేడి చేయాలి. ఇక్కడ ఒక స్టడ్ విరిగింది. విరిగినదానికి సరిగ్గా నడిమిలో పంచ్ పెట్టి, ఎం8 అయితే 6.8, ఎం10 అయితే 8.5 మి.మీ. డ్రిల్లు వేసి ట్యాప్ చేయాలి. ఈ చిన్న పనికే మూడు గంటలు పోయింది. పాత లైనును కోయకుండా దాచాలి. చిల్లులకు ప్యాచ్ వేయిస్తే కొలతలకు, మళ్ళీ తనిఖీలకు పనికొస్తుంది.

ఖర్చు: కొత్త గ్యాస్కెట్లు, రాగి పూత నట్లు 2,400, నూనె, కటింగ్ వీల్స్ 650. ఇప్పటిదాకా ₹7,150.

దశ 4: మొదటి అమరిక, ఎందుకు పనికిరాలేదు

50.8 పైపులు రెండు, ఒకదానితో ఒకటి కలవకుండా చివరిదాకా. ఒక్కోదానికి ఫ్లెక్స్ బెల్లోస్ (ఇంజిన్ కదలికకు వంగే ముడతల గొట్టం). మధ్యలో రెజొనేటర్ (మోత తగ్గించే చిన్న డబ్బా) లేదు. వెనక రెండు దారుల ఓవల్ డబ్బా, 450×230×150 మి.మీ., లోపల నేరుగా పోయే చిల్లుల గొట్టాలు.

వెల్డింగ్ కల్లూరు ఎస్టేట్‌లో, ఆర్గాన్. షాపులకు చెప్పాల్సిన మాటలు ఇవి: కరెంటు 50–60 ఆంపియర్లు, ఈఆర్308ఎల్ రాడ్డు, టార్చ్‌లో గ్యాస్ నిమిషానికి 8–10 లీటర్లు, పైపు లోపల కూడా 5–7 లీటర్ల ఆర్గాన్. లోపలి గ్యాస్ దండగని చాలాచోట్ల మానేస్తారు. అప్పుడు అతుకు లోపలి వైపు నల్లగా, పంచదార పలుకుల్లా గరుకవుతుంది. గాలి దారికి అడ్డం, కొన్నాళ్ళకు పగులు. మొదటి మూడు అతుకులు అలాగే వచ్చాయి, కోసి మళ్ళీ వేయించాల్సి వచ్చింది. స్టెయిన్‌లెస్‌ను మామూలు ఇనుప ఫ్లాంజికి అతకాలంటే రాడ్డు ఈఆర్309ఎల్. కారు కింద టాక్‌లు మాత్రమే పెట్టి, పూర్తి అతుకు బల్ల మీద వేయించాలి.

కొలతలు: బయట 98. లోపల 70. 107 హెర్ట్జ్ శిఖరం +14. వెనక ఒత్తిడి 13 కిలో పాస్కల్స్.

ఒత్తిడి సగానికి తగ్గింది, మిగతా అన్నీ చెడిపోయాయి. బయట 15 డెసిబెల్స్ ఎక్కువ. 3,000 నుంచి 3,800 మధ్య గరగరమనే మోత. కారణం పేలుడు క్రమంలో ఉంది: 1-5-3-6-2-4. ముందు మూడు (1, 2, 3), వెనక మూడు (4, 5, 6) వంతులవారీగా పేలతాయి. ఒక్కో పైపుకు 240 డిగ్రీలకొక దెబ్బ. రెండూ కలిస్తే 120 డిగ్రీలకొకటి, సమానంగా. కలపకుండా వదిలితే వినిపించేది ఆరు సిలిండర్ల ఇంజిన్ కాదు, పక్కపక్కనే తిరుగుతున్న, మూడేసి సిలిండర్లున్న రెండు ఇంజిన్లు.

ఎక్స్ పైపు (రెండు పైపులను మధ్యలో ఎక్స్ ఆకారంలో కలిపే ముక్క) ఒకటి వేస్తే గరగర పోయేది. కానీ జాయింట్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు తిరిగే కడ్డీ) సొరంగంలో రెండు పైపులు, రెండు రెజొనేటర్లు పట్టవు. పట్టించినా కింద ఖాళీ పోతుంది, స్పీడ్ బ్రేకర్లకు తగులుతుంది.

ఖర్చు: పైపు 6 మీటర్లు 3,760, బెండ్లు పది 6,500, బెల్లోస్ రెండు 2,800, ఫ్లాంజిలు నాలుగు 2,200, డబ్బా 14,500, వీ బ్యాండ్లు (పైపులను కలిపి బిగించే పట్టీలు) రెండు 1,800, వెల్డింగ్ 6,000. ఇప్పటిదాకా ₹44,710.

దశ 5: రెండూ కలిపి ఒకటి

మార్పు: గేర్‌బాక్స్ వెనకే రెండు 50.8 పైపులను ఒక 63.5లోకి కలపడం. కలిసే కోణం 15 డిగ్రీలకు మించకూడదు. టీ ఆకారంలో గుద్దుకుంటే లాభమంతా అక్కడే పోతుంది. దాని వెనక 450 మి.మీ. పొడవు, 100 మి.మీ. ఎత్తున్న ఓవల్ రెజొనేటర్. గుండ్రటిది తీసుకుంటే 125 ఎత్తు వచ్చేది. ఆ 25 మి.మీ. తేడాయే నలుగురు ఎక్కినప్పుడు స్పీడ్ బ్రేకర్ తగలడానికీ తగలకపోవడానికీ మధ్య తేడా.

వెనక డబ్బా ముందు పలక కోసి ఒక దారి లోపలికి, రెండు దారులు బయటికి మార్చాలి. కోసినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. 600 కి.మీ. తిరిగిన కొత్త డబ్బా లోపల ఊలు చిల్లుల గొట్టం చుట్టూ నల్లగా మాడి, మూడోవంతు దాకా కొట్టుకుపోయింది. నింపింది భవనాలకు వాడే గాజు ఊలు. దాన్ని పట్టి ఉంచే జిగురు వేడికి కాలిపోతుంది, పోగులు చిన్నవి కాబట్టి చిల్లుల్లోంచి గాలితో వెళ్ళిపోతాయి. రెడీమేడ్ డబ్బా కొనేటప్పుడు ఇది బయటికి కనబడదు, అడగాల్సిందే.

మళ్ళీ నింపిన తీరు:
1. గొట్టం చుట్టూ ముందు ఒక పొర స్టెయిన్‌లెస్ ఊలు.
2. దాని మీద పొడవు పోగుల గాజు ఊలు, గట్టిగా చుట్టి.
3. డబ్బా ఖాళీ సుమారు 10 లీటర్లు, లీటరుకు 120 గ్రాముల లెక్కన 1.2 కిలోలు. తక్కువైతే కదిలి చిరుగుతుంది, మరీ కూరితే శబ్దం పీల్చుకోదు.

ముక్కుకు గుడ్డ, చేతులకు గ్లౌజులు లేకుండా గాజు ఊలు ముట్టుకోవద్దు.

కొలతలు: బయట 90. గరగర పూర్తిగా పోయింది, ఆరు సిలిండర్ల నున్నటి ధ్వని వచ్చింది. వెనక ఒత్తిడి 18, పాత 27కు ఇంకా చాలా తక్కువే. కానీ లోపల 72, 107 హెర్ట్జ్ శిఖరం +17. దెబ్బలన్నీ ఒకే పైపులో చేరేసరికి హోరు ఇంకా పెరిగింది.

ఖర్చు: 63.5 పైపు 3 మీటర్లు 2,360, బెండ్లు నాలుగు 3,200, కలిపే ముక్క 2,600, రెజొనేటర్ 5,800, పలక, ఊలు 1,900, వీ బ్యాండ్ 1,100, వెల్డింగ్ 4,000. ఇప్పటిదాకా ₹65,670.

దశ 6: హోరు మీద కొమ్మ పైపు

ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర హోరు ఉంటే పెద్ద డబ్బా మందు కాదు. మెయిన్ పైపుకు పక్కన ఒక కొమ్మ, చివర మూసి. దాని పొడవు ఆ ధ్వని అలలో నాలుగోవంతు ఉంటే, లోపలికి వెళ్ళి తిరిగొచ్చిన అల ఎదురు తిరిగి మెయిన్‌లో ఉన్నదాన్ని చంపుతుంది. చాలామంది జే పైపు అంటారు.

పొడవు = ధ్వని వేగం ÷ (4 × ఫ్రీక్వెన్సీ). ధ్వని వేగం గాలి వేడితో మారుతుంది: 20.05 × కెల్విన్ ఉష్ణోగ్రత వర్గమూలం. మెయిన్ పైపులో గాలి 300 డిగ్రీలని వేసుకుంటే వేగం 480 మీటర్లు, పొడవు 112 సెం.మీ. అలాగే కోసి అతికించాం.

ఫలితం: 2,150 దగ్గర +15. దాదాపు ఏమీ మారలేదు. కానీ 1,850 ఆర్పీఎం దగ్గర కారు అనూహ్యంగా నిశ్శబ్దం. అక్కడి ఫ్రీక్వెన్సీ 92.5 హెర్ట్జ్. లెక్కను వెనక్కి తిప్పితే ధ్వని వేగం 414 మీటర్లు, అంటే కొమ్మలో గాలి 150 డిగ్రీల చుట్టూ మాత్రమే. విషయం అర్థమైంది: కొమ్మలో గాలి ప్రవహించదు, నిలిచి ఉంటుంది, అందుకే చల్లగా ఉంటుంది. మెయిన్ పైపు వేడి వేసుకుని లెక్కకట్టడం తప్పు. 414ని 430తో భాగిస్తే 96 సెం.మీ.

చేసే పద్ధతి:
1. లెక్కకు వచ్చినదానికంటే 20 సెం.మీ. పొడుగ్గా మొదలుపెట్టి, చివర మూతను వెల్డింగ్ చేయకుండా క్లాంపుతో బిగించాలి.
2. పూర్తిగా వేడెక్కేలా అరగంట తోలి, ఏ ఆర్పీఎం దగ్గర శిఖరం పడిపోయిందో చూడాలి.
3. 4 సెం.మీ. చొప్పున కోస్తూ 2,150 దాకా తేవాలి. కోసింది మళ్ళీ రాదు.
4. కుదిరాకే మూత వెల్డింగ్.

కొమ్మ మొదలయ్యే చోటు కూడా ముఖ్యం. చివరి గొట్టం దగ్గర పెడితే ఒత్తిడి ఊపు తక్కువ, పనిచేయదు. ఇక్కడ రెజొనేటర్‌కు వెనక, యాక్సిల్‌కు ముందు పెట్టాం. మూసిన కొస మొదలుకంటే కొంచెం ఎత్తులో ఉండాలి, లేకపోతే పొద్దున చల్లటి స్టార్టుకు వచ్చే నీరు అందులో నిలిచిపోతుంది. లావు మెయిన్‌తో సమానంగా ఉంటే పనిచేసే ఆర్పీఎం పరిధి వెడల్పవుతుంది. ఇక్కడ మిగిలిన 50.8 ముక్కలే వాడాం కాబట్టి 2,000–2,300 మధ్యే పనిచేస్తుంది. హైవేకు అది చాలు.

కొలతలు: 107 హెర్ట్జ్ శిఖరం +4. లోపల 67. బయట 88.

ఖర్చు: మూత, క్లాంపు 400, వెల్డింగ్ 1,200. ఇప్పటిదాకా ₹67,270.

దశ 7: వేడికి సాగడం, హ్యాంగర్లు

అంతా అయిందనుకున్నాక 25 నిమిషాల ప్రయాణం తర్వాత వెనక టక్ టక్. చల్లారితే పోతుంది. కారణం సాగుడు. ఎస్‌ఎస్ 304 డిగ్రీకి మీటరుకు 0.0173 మి.మీ. సాగుతుంది. ఫ్లాంజి నుంచి చివరిదాకా 3.2 మీటర్లు, సగటు వేడి పెరుగుదల 300 డిగ్రీలు: 16.6 మి.మీ. వెనక డబ్బాకూ రేకుకూ మధ్య వదిలింది 10 మాత్రమే. మామూలు ఇనుము ఇంతకంటే మూడోవంతు తక్కువ సాగుతుంది. పాత లైను ఖాళీలు చూసి కొత్తదానికి అంతే వదలడంలో వచ్చిన తప్పు ఇది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో, తారు రోడ్డు సెగకు ఈ మోత ఇంకా తొందరగా మొదలైంది.

సవరణలు:
1. యాక్సిల్ మీదుగా పోయే ముక్కలో 20 మి.మీ. కోసి డబ్బాను ముందుకు జరపడం.
2. హ్యాంగర్ రాడ్లను చల్లగా ఉన్నప్పుడు 8 మి.మీ. ముందుకు వంగి ఉండేలా అమర్చడం. వేడెక్కాక నిటారుగా నిలుస్తాయి.
3. బంపర్ ప్లాస్టిక్‌కు చుట్టూ 20 మి.మీ., రేకుకు 15, రబ్బరు భాగాలకు 25 మి.మీ. ఖాళీ. హ్యాండ్‌బ్రేక్ తీగలు, జాయింట్ షాఫ్ట్ రబ్బరు డిస్కు మర్చిపోవద్దు. వాటికి పాత హీట్ షీల్డులు తిరిగి బిగించాలి.

800 కి.మీ. దగ్గర ఒక హ్యాంగర్ మొదట్లో వెంట్రుకంత పగులు. 10 మి.మీ. రాడ్డును 1.5 మి.మీ. పైపు మీద నేరుగా అతికిస్తే ఊగినప్పుడల్లా బరువంతా ఆ గీత మీదే పడుతుంది. 2 మి.మీ. మందం, 40×60 పలకను పైపు వంపుకు వంచి, చుట్టూ అతికి, దాని మీద రాడ్డు పెట్టాక నిలిచింది. నాలుగు హ్యాంగర్లకూ అదే చేశాం.

బిగించే వరుస: ముందు అన్నీ వదులుగా తగిలించి, ఇంజిన్ వైపు నుంచి వెనక్కి బిగిస్తూ రావాలి. లీకు పరీక్షకు చివరి గొట్టంలోంచి బ్లోవర్‌తో గాలి పంపి, అతుకుల మీద సబ్బు నీళ్ళు పూయడం. ఒక వీ బ్యాండ్ దగ్గర బుడగలు వచ్చాయి. వదులు చేసి, చుట్టూ చెక్క సుత్తితో తట్టి మళ్ళీ బిగిస్తే ఆగింది.

ఖర్చు: పలకలు, రాడ్లు, రబ్బర్లు 1,700, వెల్డింగ్ 800. మొత్తం ₹69,770. ఇందులో మొదటి అమరికలో వృథా అయిన పైపు, బెండ్లు, వీ బ్యాండ్లు, వెల్డింగ్, మళ్ళీ నింపిన ఊలు కలిపి ₹11,550. నేరుగా దశ 5 నుంచి మొదలుపెట్టేవాళ్ళకు ₹58,220లో అవుతుంది.

2,000 కి.మీ. తర్వాత

బయట 88, పాతదానికంటే 5 ఎక్కువ. హద్దు మీదే ఉంది, ఇంకో 2 తగ్గితే బాగుండేది. అందుకు వెనక డబ్బా 450 బదులు 500 పొడవు ఉండాలి, కానీ స్పేర్ టైర్ గుంత అంచు అడ్డం. లోపల 67. వెనక ఒత్తిడి 18 కిలో పాస్కల్స్. లైను బరువు 26.3 కిలోలు, 5.1 తగ్గింది. పొల్యూషన్ చెకింగ్‌లో హై ఐడిల్ (నిలబెట్టి ఆర్పీఎం పెంచి చూసే) లాంబ్డా, అంటే గాలి–పెట్రోలు పాళ్ళ సూచిక, 1.00, ఉండాల్సింది 0.97 నుంచి 1.03. కోడ్లు లేవు. ఫ్లాంజి నట్లు ఒక పావు చుట్టు వదులయ్యాయి, చల్లగా ఉన్నప్పుడు మళ్ళీ బిగించాం. తర్వాతి చూపు 5,000 దగ్గర: ఎడమ వెనక హ్యాంగర్ రబ్బరు కొంచెం సాగింది, దాన్ని మార్చాలి.